రాజమండ్రిలో మీ మొదటి పని ఏంటి? మొదటి జీతం ఎవరి చేతిలో పెట్టారు?

కోటగుమ్మం_1975 · శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంటులో పేపర్ వేసే కుర్రాడు నిన్న వచ్చి, "సార్, రేపటి నుంచి వేరే అబ్బాయి వస్తాడు, నేను ఊరెళ్ళిపోతున్నా" అని చెప్పి వెళ్ళాడు. పదిహేడేళ్ళు ఉంటాయేమో. అప్పటి నుంచి నాకు 1991 వేసవే గుర్తొస్తోంది.

ఆ మార్చిలో టెన్త్ పరీక్షలు రాశాను. మా నాన్నగారు మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఖాళీగా తిరగొద్దని ఏప్రిల్ ఒకటి నుంచి నన్ను పేపర్ ఏజెంటు దగ్గర పెట్టారు. మూడున్నరకి లేవాలి. నాలుగింటికి వ్యాను వచ్చి కట్టలు దింపి వెళ్ళేది. మూసిన కొట్ల అరుగుల మీద, వీధి లైటు కింద కూర్చుని లెక్కపెట్టుకునేవాళ్ళం. ఈనాడు వాళ్ళు 1989లో జిల్లా ఎడిషన్ మొదలుపెట్టారు కదా, ఆ చిన్న పేపర్‌ని పెద్ద పేపర్లో దూర్చడం మా పనే. ఆదివారం పుస్తకం కూడా ఉంటుంది కాబట్టి ఆదివారం ఇంకో అరగంట ముందు లేవాలి. నా లైనులో 84 ఇళ్ళు. కోటగుమ్మం నుంచి గోదావరి స్టేషన్ దాకా. మేడ మీద వరండాలో పడాలంటే పేపర్ ఎలా మడవాలో నాకంటే రెండేళ్ళు చిన్నవాడు నేర్పాడు.

రెండు తెల్లవారుజాములు ఇప్పటికీ మర్చిపోలేను. ఒకటి మే 22. ముందు రోజు రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు. కట్టలు బాగా ఆలస్యంగా వచ్చాయి. ప్రతి గేటు దగ్గరా మనుషులు నిలబడి ఉన్నారు. ఆ రోజు ఒక్క పేపర్ కూడా విసరలేదు, అన్నీ చేతికే ఇచ్చాను.

రెండోది మా టెన్త్ ఫలితాలు వచ్చిన రోజు. అప్పట్లో హాల్ టికెట్ నంబర్లు పేపర్లోనే వేసేవారు. కట్ట విప్పగానే నా నంబరు చూసుకున్నాను. ఉంది. తర్వాత నా పక్క నంబరు చూశాను. ఆరేళ్ళు నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడిది. లేదు. వాళ్ళిల్లు నా లైనులోనే. వెళ్ళేసరికి వాళ్ళ నాన్నగారు గేటు దగ్గర ఉన్నారు. పేపర్ చేతికిచ్చి సైకిల్ తిప్పుకుంటుంటే పిలిచి, "నీది వచ్చిందా బాబూ?" అని అడిగారు. వచ్చిందండి అన్నాను. "మంచిది" అన్నారు. ఆయన అప్పటికింకా పేపర్ విప్పలేదు.

జీతం నెలకి 90 రూపాయలు. సైకిల్ ఏజెంటుదే కాబట్టి 20 కోత. 70 మా అమ్మ చేతిలో పెట్టాను. పది నాకిచ్చి, మిగతాది ఇంటర్ పుస్తకాలకని బియ్యం డబ్బాలో పెట్టింది.

మన ఊరివాళ్ళు మీ మొదటి పని గురించి చెప్పండి. ఏం పని, ఎంత ఇచ్చేవారు, ఆ డబ్బు ఏం చేశారు?

కడియం_అంటుమొక్క · శనివారం రాత్రి 9:52

అన్నా, చదువుతుంటే మళ్ళీ మంచులో సైకిల్ తొక్కినట్టుంది. మాది నర్సరీల ఊరు కడియపులంక. ఇక్కడ పుట్టినవాడికి మొదటి పని ఏంటని అడగక్కర్లేదు. కవర్లు నింపడమే!

నేను 1996లో, తొమ్మిదో తరగతి అయ్యాక వేసవి సెలవుల్లో మొదలుపెట్టాను. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి గుట్టగా పోసి ఉంటుంది. చిన్న నల్ల కవరు తీసుకుని నింపి వరసలో పెట్టాలి. తేలిగ్గా అనిపిస్తుంది గానీ అడుగు మట్టి గట్టిగా నొక్కకపోతే మొక్క పెట్టి ఎత్తినప్పుడు కవరు నడుం విరిగినట్టు వంగుతుంది, వేరు తెగుతుంది. వంద కవర్లకి 4 రూపాయలు. మొదటి రోజు 250 నింపాను. నెల తిరిగేసరికి 600 దాకా వచ్చింది. గోళ్ళ సందుల్లో మట్టి జూన్‌లో బడి తెరిచాక కూడా పోలేదు.

మర్నాటేడు గాలి అంట్లు కట్టడం, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేర్లు వేయించడం నేర్పారు. జామకీ దానిమ్మకీ. పెన్సిలంత లావు కొమ్మ చూసుకుని, అంగుళం మేర చుట్టూ బెరడు తీసేసి, తడి నాచు పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు పక్కలా బిగించాలి. నెలా నెలన్నరకి కాగితంలోంచి తెల్లటి వేర్లు కనపడతాయి. నేను మొదట కట్టిన వందలో నలభై పోయాయి. జీతం కోస్తారని భయపడ్డాను. మా యజమాని కోయలేదు, తిట్టలేదు. పోయిన కొమ్మల్లో ఒకటి విప్పి చూపించారు. బెరడు తీశాను గానీ దాని కింద ఉండే జిగురు పొర గోకలేదు. అది మళ్ళీ పైకీ కిందకీ కలిసిపోయింది. కొమ్మకి తిండి కిందికి దిగుతుంటే ఇక వేరు ఎందుకు వేస్తుంది? ఆ మాట మా సైన్సు మాస్టారు చెప్పిన పాఠాలన్నిటికంటే బాగా ఎక్కింది. ఇప్పుడు నాకు సొంతంగా ఎకరంన్నర నర్సరీ ఉంది. కొత్తగా వచ్చిన వాళ్ళకి ముందు ఆ గోకడమే చూపిస్తాను.

మొదటి వారం డబ్బులు 61 రూపాయలు. మా నాయనమ్మకి ఇచ్చాను. ఆవిడ మాట్లాడకుండా కొంగున ముడేసుకుంది.

ధవళేశ్వరం_లాకులు · శనివారం రాత్రి 10:30

మీ ఇద్దరికంటే నేను పెద్దవాణ్ణి, కాబట్టి చనువుగా రాస్తున్నాను.

1986 ఆగస్టు. నాకు పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. గోదారి పెరుగుతోందని ఊరంతా ఏటిగట్టు మీదే ఉంది. మా వీధిలో కుర్రాళ్ళందరినీ ఇసుక బస్తాలకి పిలిచారు. రోజుకి 12 రూపాయలు, రెండు పూటలా పులిహోర పొట్లం. అదే నా మొదటి సంపాదన.

బస్తా నిండా ఇసుక పోయకూడదని అక్కడే తెలిసింది. మూడింట రెండు వంతులే పోసి మూతి కట్టాలి. అప్పుడే ఒకదాని మీద ఒకటి సర్దుకుని సందు లేకుండా కూర్చుంటాయి. నిండా పోస్తే గుండ్రాయిలా దొర్లిపోతుంది. గట్టుకి ఊరి వైపు ఊట పడితే దాని మీద బస్తాలు వేసి మూసెయ్యబోయాం. గట్టు పనులు చూసే ఒక లష్కరు పెద్దాయన కేకలేసి ఆపారు. చుట్టూ బావి గట్టులా బస్తాలు పేర్చి నీటిని అక్కడే కొంత ఎత్తు నిలబడనివ్వాలి, అప్పుడు ఊట జోరు తగ్గి మట్టి కొట్టుకురావడం ఆగుతుంది అన్నారు. మూసేస్తే ఇంకోచోట పగులుతుందట. ఆగస్టు 16న బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 175 గేట్లూ ఎత్తేసినా నది ఊపిరి పీల్చుకోలేనట్టు ఉండేది. ఇప్పుడు టీవీలో 11.75 అడుగులు మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది అని చెప్తుంటే పిల్లలు అంకెలుగా వింటారు. నాకు ఆ లాంతర్లు, ఆ వాన, భుజం మీద తడి గోనె వాసన గుర్తొస్తాయి.

అయిదు రోజులకి 60 రూపాయలు. లంకల నుంచి పడవల మీద వచ్చినవాళ్ళు మా బళ్ళో ఉన్నారు. అందులో నలభై పెట్టి బిస్కెట్లూ పాలూ కొని అక్కడ ఇచ్చాం, మా స్నేహితులం అయిదుగురం కలిసి. ఆ తర్వాత నేను సివిల్ డిప్లొమాలో చేరాను. ఎందుకు చేరావంటే ఆ లష్కరు గారి వల్లే అని చెప్తాను.

ఇన్నీసుపేట_మల్లి · శనివారం రాత్రి 11:05

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ప్రశ్న చూడగానే "నేను పెళ్ళికి ముందు పని చెయ్యలేదు" అనుకున్నాను. ఎవరడిగినా ఇన్నాళ్ళూ అదే చెప్పాను. కడియం తమ్ముడు లెక్కలు రాస్తుంటే నా లెక్కలూ గుర్తొచ్చాయి.

మా అమ్మ ఇంట్లో పూలు కట్టేది. పొద్దున్నే కడియపులంక మార్కెట్ నుంచి మల్లెమొగ్గలు వచ్చేవి. సాయంత్రానికి అవి విచ్చుకుంటాయి కాబట్టి ఆలోపే కట్టాలి. నాకు పదమూడేళ్ళ నుంచి పెళ్ళయ్యే దాకా, అంటే 1992 నుంచి ఏడేళ్ళు, బడికి వెళ్ళే ముందు గంట, వచ్చాక రెండు గంటలు కట్టాను. సెలవుల్లో రోజంతా. అరటి నార రాత్రే నానబెట్టుకుని సన్నగా చీల్చుకోవాలి. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, ఒక చుట్టు, ఒక ముడి. వేళ్ళు వాటంతటవే కదిలేవి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుకునేదాన్ని. కిలో మొగ్గలు కడితే కొట్టువాళ్ళు 10 రూపాయలు ఇచ్చేవారు. మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు, పనీ ఉండదు. శ్రావణమాసంలో నిద్ర ఉండదు.

ఆ డబ్బు ఎప్పుడూ నా చేతికి రాలేదు. అమ్మ చేతికీ సరిగ్గా రాలేదు, నాన్నే వెళ్ళి తెచ్చేవారు. మా అన్నయ్య వేసవిలో ఒక కొట్లో నెల రోజులు కూర్చుంటే "మావాడు ఉద్యోగం చేస్తున్నాడు" అని వీధంతా చెప్పుకున్నారు. నేను ఏడేళ్ళు కట్టినదాన్ని "అమ్మకి సాయం" అన్నారు. ఎవరి మీదా కోపంతో రాయట్లేదు. నా మొదటి పని పూలు కట్టడం. ఆ మాట ఈరోజే మొదటిసారి రాస్తున్నాను.

కడియం_అంటుమొక్క · శనివారం రాత్రి 11:21

అక్కా, మీరు కట్టిన మొగ్గల్లో కొన్ని మా నాన్నగారు కోయించినవే అయ్యుంటాయి. మా దొడ్లో కోసేవాళ్ళు కూడా అందరూ ఆడవాళ్ళే. చీకటితో లేచి, తలకి లైటు లేకుండా, వేళ్ళతో తడుముకుని కోసేవారు. వాళ్ళ పని గురించి నేను రాసినదాంట్లో ఒక్క మాట లేదు. నిజమే.

గోదారి_రేవు · ఆదివారం పొద్దున 6:40

మా నాన్న పడవ మీద బతికేవాడు. నా మొదటి పని అయస్కాంతం.

పాత స్పీకర్లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతాన్ని తాడుకి కట్టి రేవులో నీళ్ళలోకి విసిరి నేల మీద ఈడ్చుకుంటూ లాగేవాళ్ళం. గోదారి తల్లికి జనం వేసిన చిల్లర అంటుకుని వచ్చేది. అందరికీ తెలియని విషయం ఒకటి చెప్తాను. అన్ని నాణేలూ అంటుకోవు. పాత అల్యూమినియం పైసలు రావు. పాత రూపాయి బిళ్ళ కూడా రాదు. 1988 తర్వాత వచ్చిన స్టీలు పావలా, అర్ధరూపాయి, 1992 నుంచి వచ్చిన చిన్న స్టీలు రూపాయి, అవే అంటుకుంటాయి. పాతవాటి కోసం మునగాలి. మునగడం నాకు నడకతో పాటే వచ్చింది.

నేను చేసింది 1993 నుంచి 97 దాకా. వేసవిలో నీళ్ళు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడితే పాత వంతెన కింద దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. రైలు వచ్చే శబ్దం వినగానే స్తంభం పక్కకి జరిగి నిలబడాలి, పై నుంచి పడిన బిళ్ళ తగిలితే తల పగులుతుంది. మా చిన్నాన్న కొడుక్కి పగిలింది. 1900లో కట్టిన ఆ హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. పక్కన ఆర్చీల వంతెన వచ్చింది. నా పనీ అప్పుడే అయిపోయింది.

మామూలు రోజు అయిదారు రూపాయలు. కార్తీక పౌర్ణమి మర్నాడు ఒకసారి 43 వచ్చాయి. నీళ్ళలో నానిన బిళ్ళలు నల్లగా ఉంటాయి, కొట్లో తీసుకోరు. ఇసుకా చింతపండూ పెట్టి తోమి తెల్లగా చేసి ఇచ్చేవాళ్ళం. దేవుడి డబ్బు తీస్తున్నారని కొందరు తిట్టేవారు. మా నాన్న మాత్రం "ఆ తల్లి మనకే ఇచ్చిందిరా" అనేవాడు. నేను ఆ మాటే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను.

జాంపేట_కాజా · ఆదివారం పొద్దున 8:15

అన్నీ చదివాను. అందరూ బాగా రాశారు. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పైన ఇద్దరు ముగ్గురు రాసింది సెలవుల్లో పని. బడి తెరవగానే అయిపోయే పని. నా పని అలాంటిది కాదు. 1988లో ఎనిమిదో తరగతి మధ్యలో, దసరా సెలవులకి టైలరు దగ్గర కూర్చోబెట్టారు. సెలవులు అయిపోయాయి. నన్ను లేవమని ఎవరూ అనలేదు. నాకు పదమూడేళ్ళు. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజెయ్యడం. చొక్కాకి ఏడు కాజాలు. దీపావళి ముందు రోజు రాత్రి మూడింటి దాకా కుట్టిన రోజులున్నాయి. కొట్టు ముందు నుంచే మా క్లాసు పిల్లలు బడికి వెళ్ళేవాళ్ళు. నేను తల దించుకుని కాజా చూసుకునేవాణ్ణి.

"మొదటి పని జ్ఞాపకాలు" అని తియ్యగా మాట్లాడుకుంటుంటే నాకు కాస్త కష్టంగా ఉంది. తప్పుగా అనుకోకండి.

మోరంపూడి_టీచరమ్మ · ఆదివారం పొద్దున 9:30

జాంపేట గారూ, మీరు రాయడం చాలా అవసరం. నేను హైస్కూల్లో 22 ఏళ్ళుగా చెప్తున్నాను. పిల్లల్ని పనిలో పెట్టడం మీద 1986లోనే చట్టం వచ్చింది గానీ అది కొన్ని పనులకే. 2016లో సవరించాక 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయం చేస్తే అది వేరు. 14 నుంచి 18 మధ్య వాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. చట్టం ఇంత స్పష్టంగా ఉంది. అయినా పెళ్ళిళ్ళ సీజన్‌లో సోమవారం పొద్దున నా తొమ్మిదో తరగతిలో సగం మంది మగపిల్లలు బల్ల మీద తల పెట్టి నిద్రపోతారు. కేటరింగుకి వెళ్ళి ఉంటారు. రాత్రంతా బకెట్లు మోసి, తెల్లవారి ఇల్లు చేరతారు.

నేను వాళ్ళని లేపను. మధ్యాహ్నం పిలిచి అడుగుతాను, డబ్బు ఎందుకు అని. ఫోను కోసం అన్నవాడికి ఒక మాట చెప్తాను. ఇంటి అద్దె కోసం అన్నవాడికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఆ పూట వాళ్ళింటికి వెళ్తాను. పని చెయ్యడం తప్పని నేను అనను. బడిని మింగేసే పని తప్పు. రెంటికీ మధ్య గీత చాలా సన్నంగా ఉంటుంది, మీ దసరా సెలవుల్లాగే.

కోటగుమ్మం_1975 · ఆదివారం పొద్దున 10:02

జాంపేట అన్నా, నాకే తప్పుగా అనిపించింది. నేను ప్రశ్న అడిగినప్పుడు ఇంటర్ పుస్తకాల డబ్బా ఉన్నవాడిలా అడిగాను. పేపర్ మడవడం నేర్పినవాడు నాకంటే చిన్నవాడని రాశాను కదా. వాడు సెలవులకి వచ్చినవాడు కాదు, ఏడాదంతా అక్కడే ఉండేవాడు. జూన్‌లో నేను మానేశాను, వాడు మానలేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ సంగతి నాకు తట్టలేదు. మీరు అన్న తర్వాతే తట్టింది.

ఇక్కడ తియ్యటి జ్ఞాపకాలే రాయాలని లేదు. మీకు ఎలా ఉంటే అలా రాయండి.

తాడితోట_బూత్ · ఆదివారం మధ్యాహ్నం 1:20

1997, నాకు పదిహేడు. తాడితోటలో హోల్‌సేల్ బట్టల కొట్లకి దగ్గర్లో, డబ్బులిచ్చి వేరే ఊళ్ళకి ఫోను చేసుకునే ఒక ఎస్టీడీ బూత్‌లో సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా. నెలకి 350. పగలు ఇంటర్ కాలేజీ.

రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ రేటు పావు వంతు అయ్యేది. అందుకని పదిన్నర నుంచే బెంచీ నిండిపోయేది. అద్దాల గది, లోపల ఎర్ర అంకెలు తిరిగే మీటరు, ఫోను పెట్టగానే కరకరమని బిల్లు. సేట్‌ల కొట్ల గుమాస్తాలు సూరత్‌కీ అహ్మదాబాద్‌కీ చేసేవారు. ఆదివారాలు వేరేవాళ్ళు వచ్చేవాళ్ళు. చుట్టుపక్కల పల్లెల నుంచి. కువైట్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళ ఇళ్ళవాళ్ళు. వేరే దేశాలకి చేసే ఐఎస్‌డీకి పావు వంతు రేటు లేదు.

ఒక ముసలమ్మ ప్రతి నెలా రెండో ఆదివారం వచ్చేది. కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పని. కొంగులో డబ్బు ముందే లెక్కపెట్టి తెచ్చేది. "వందవ్వగానే తలుపు కొట్టు నాయనా" అని లోపలికి వెళ్ళేది. మీటరు 80 దగ్గరికి వచ్చేసరికి నా గుండె దడదడలాడేది. అద్దంలోంచి ఆవిడ నవ్వడం కనిపించేది, ఏడవడం కనిపించేది. 95 దగ్గర కొట్టాలి, అప్పుడే మాట ముగించుకుని పెట్టేసరికి వంద అవుతుంది. ఒకసారి కొట్టలేకపోయాను. 131 అయింది. ఆ 31 నా జీతంలో కోయమని యజమానికి చెప్పాను, ఆయన కోశారు కూడా. నేను ఇప్పటికీ ఆ 31 రూపాయలు బాగా ఖర్చుపెట్టాననే అనుకుంటాను.

మొదటి జీతంతో మా చెల్లికి బ్యాడ్మింటన్ రాకెట్ కొన్నాను. తను అడగలేదు. వీధిలో వాళ్ళు ఆడుతుంటే గుమ్మంలో నిలబడి చూసేది, అందుకని.

దానవాయిపేట_వాసి · ఆదివారం సాయంత్రం 5:48

నేను డల్లాస్ దగ్గర ఉంటున్నాను. మా అమ్మాయికి పదహారేళ్ళు. ఈ వేసవిలో ఐస్‌క్రీం షాపులో చేరింది. మొదటి జీతం వచ్చిన రోజు రాత్రి నన్ను అడిగింది, "నాన్నా, నువ్వు నా వయసులో ఏం పని చేశావ్?" అని.

ఏమీ చెయ్యలేదు. మా ఇంట్లో "నువ్వు చదువుకో చాలు" అన్నారు. మంచినీళ్ళు కూడా చేతికి తెచ్చి ఇచ్చేవారు. మా ఇంటికి పేపర్ వేసిన కుర్రాడు ఉండేవాడు, పూలు ఇచ్చే అమ్మాయి ఉండేది. వాళ్ళది నా వయసేనని ఎప్పుడూ అనుకోలేదు. ఈ చర్చ మొత్తం మా అమ్మాయికి చదివి వినిపించాను, తనకి తెలుగు చదవడం రాదు. ఎస్టీడీ బూత్ అంటే ఏంటో చెప్పడానికే పావుగంట పట్టింది. ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి "ఆవిడ కూతురు తిరిగి వచ్చిందా?" అని అడుగుతోంది. బూత్ అన్నా, మీకు తెలుసా?

తాడితోట_బూత్ · ఆదివారం సాయంత్రం 6:15

నేను 1998లో మానేసి కాకినాడ వెళ్ళాను. అప్పటికి రాలేదు. మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

లాలాచెరువు_98 · ఆదివారం రాత్రి 8:33

ఇక్కడ నేనే చిన్నవాణ్ణేమో. నా మొదటి పని 2015 పుష్కరాలు, జులై 14 నుంచి 25 దాకా పన్నెండు రోజులు. ఇంటర్ రెండో సంవత్సరం, పదిహేడేళ్ళు. కోటిలింగాల ఘాట్ వైపు గోదావరి నీళ్ళు పట్టుకెళ్ళే ప్లాస్టిక్ క్యాన్లు అమ్మే కొట్టు. రోజుకి 400.

మొదటి రోజు పొద్దున్నే పుష్కర్ ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగింది. పాతిక మందికి పైగా పోయారు. మాకు కాసేపటి దాకా ఏమీ తెలియదు. అంబులెన్సులు వరసగా వెళ్తుంటే ఏదో జరిగిందని అర్థమైంది. ఒక పెద్దాయన మా కొట్టు దగ్గరికి వచ్చి, తన వాళ్ళు ఆ రేవులో ఉన్నారని, ఫోను కలవట్లేదని నిలబడిపోయారు. నా ఫోన్‌లోంచి నలభై సార్లు చేశాను. పదకొండున్నరకి ఎత్తారు. వాళ్ళందరూ బాగానే ఉన్నారు. ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మిగతా పదకొండు రోజులూ పనికి వెళ్ళాను. జనం ఆగలేదు, గోదారీ ఆగలేదు. 4,800 వచ్చాయి. కాలేజీ ఫీజులో వేశారు. కానీ మొదటి పని అంటే నాకు డబ్బు గుర్తురాదు, ఆయన చెయ్యే గుర్తొస్తుంది.

ధవళేశ్వరం_లాకులు · ఆదివారం రాత్రి 8:50

బాబూ, మంచి పని చేశావు. ఆ నలభై సార్లూ మంచి పనే.

ఇన్నీసుపేట_మల్లి · ఆదివారం రాత్రి 9:10

రేవు తమ్ముడూ, చిన్న సందేహం. బిళ్ళలు తోమడానికి ఇసుక ముందా, చింతపండు ముందా? మా ఇంట్లో పాత ఇత్తడి దీపపు సెమ్మెలు నల్లబడ్డాయి.

గోదారి_రేవు · ఆదివారం రాత్రి 9:22

ఇత్తడికి ఇసుక వద్దక్కా, గీతలు పడతాయి. చింతపండు నానబెట్టి, కాస్త ఉప్పేసి రుద్దండి. పావుగంట ఉంచి కడిగెయ్యండి. మరీ ఎక్కువసేపు ఉంచకండి.

జాంపేట_కాజా · ఆదివారం రాత్రి 10:40

పొద్దున అలా రాసేశాక రోజంతా కొట్లో అదే ఆలోచన. కోటగుమ్మం గారూ, మీరు అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. చెప్తాను.

వారానికి 10 రూపాయలు. మొదటి వారం పది నోటు అమ్మకి ఇచ్చాను, ఆవిడ రెండు రూపాయలు తిరిగి ఇచ్చింది. అలా నాలుగు వారాలు దాచి ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఎందుకు కొన్నానో అప్పుడు నాకే తెలియదు, బడికి వెళ్ళేది లేదు. మా మాస్టరు, అంటే టైలరు గారు, అది చూసి ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు టేపు నా చేతికిచ్చి "రా, కొలతలు రాసుకోవడం నేర్చుకో" అన్నారు. పొడుగు, భుజం, ఛాతీ, చెయ్యి, మెడ. అంకెలు ఎలా వెయ్యాలో, పావూ అరా ఎలా గుర్తుపెట్టాలో ఆయనే చెప్పారు. అదే నా బడి అయింది. కాజాల నుంచి కత్తెర చేతికి రావడానికి అయిదేళ్ళు పట్టింది. 2001లో సొంత కొట్టు పెట్టుకున్నాను. నా దగ్గర ఇప్పుడు ఇద్దరు పనిచేస్తారు, ఇద్దరూ పాతికేళ్ళు దాటినవాళ్ళే. చిన్నపిల్లల్ని తెచ్చి "కూర్చోబెట్టుకో" అంటే వెనక్కి పంపిస్తాను. అలా పంపించడం కూడా తేలిక కాదు టీచరమ్మ గారూ, తెచ్చేవాళ్ళ మొహాలు నాకు తెలుసు.

ఆ పుస్తకం ఇంకా ఉంది. అట్ట ఊడిపోతే గోనెగుడ్డ కుట్టాను. మొదటి పేజీలో ఉన్న కొలతలు మా నాన్నవి. ఛాతీ 32. చాలా బక్కగా ఉండేవాడు.

కోటగుమ్మం_1975 · ఆదివారం రాత్రి 10:58

అన్నా, సంక్రాంతికి వస్తున్నాను. రెండు చొక్కాలు కుట్టించుకోవాలి. కొట్టు ఎక్కడ?

జాంపేట_కాజా · ఆదివారం రాత్రి 11:04

జాంపేట మార్కెట్ దగ్గరికి వచ్చి ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి, నేనే వస్తాను. కానీ డిసెంబర్ పదిహేను లోపు గుడ్డ ఇచ్చేయాలి. పండక్కి ముందు వారం తీసుకోను.